ఏడు గింజల కొసరు

మా మనుమరాలు నల్గొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నది. పరీక్షల ముందు నాలుగు రోజులు ఇంటికి వచ్చి, పుస్తకం చేతిలో పట్టుకుని అరుగు మీద ఇటూ అటూ తిరుగుతూ గట్టిగా చదవడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. చదివింది చెవిన పడితేనే తలకెక్కుతుందట. దాని చదువు దాని తలకు ఎంత ఎక్కిందో నాకు తెలియదు గానీ, పక్కన కూర్చుని పని చేసుకునే నా తలకు మాత్రం చాలా ఎక్కింది. కప్ప గుండెకు ఎన్ని గదులో, భూమి ఎందుకు వంగి తిరుగుతుందో నాకు దాని వల్లనే తెలిసింది. నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. అదీ మేకలు ఈనే కాలం వస్తే పలక గూట్లో పెట్టేసి పిల్లల వెనక ఉరికేదాన్ని.

మొన్న నేను విత్తనానికని పల్లికాయలు వలుస్తూ కూర్చున్నాను. అది అంగళ్ళ గురించీ పోటీ గురించీ ఏదో పాఠం చదువుతున్నది. ఒకే సరుకు చాలామంది అమ్మే చోట ఏ ఒక్కరూ ధర మార్చలేరట. ఒకరు పెంచితే కొనేవాళ్ళు పక్కవాళ్ళ దగ్గరికి పోతారట. ఆ ముక్క వినగానే నాకు నవ్వొచ్చింది, మా అంగట్లో కూర్చుని రాసినట్టే ఉంది. “ధర మార్చకుంటె మరి కొసరో?” అని అడిగాను. అది పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి, “కొసరు గీ పాఠంల లేదవ్వా” అన్నది. “లేకుంటె గది రాసినాయన ఎన్నడూ సంచి పట్టుకొని అంగడికి పోలే” అన్నాను. అది పడిపడి నవ్వింది. నేనూ నవ్వాను గానీ, వలుస్తున్న చేయి మాత్రం ఆగిపోయింది. కాయ పగిలి రెండు గింజలు ఒళ్ళో పడ్డాయి. వాటిని చూస్తే మా వదినె గుర్తొచ్చింది. గుర్తొచ్చినప్పుడల్లా ఏమవుతుందో అదే అయ్యింది, చెవులు వేడెక్కాయి.

మా ఆత్మకూరు అంగడి వారానికొక్క రోజు. పొద్దున్నే ఆటోలు దిగేసరికి మిరపకాయల వాళ్ళు ఒక వరస, ఉల్లిగడ్డల వాళ్ళు ఒక వరస, చింతపండు ఒక వరస, అన్నిటికన్నా చివర దుమ్ములో గొర్రెలూ మేకలూ. ధర ఎవరు పెడతారో ఎవరికీ తెలియదు. ఎండ ముదిరేలోపల ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే ధర పాకి ఉంటుంది. “ఇయ్యాల ఎంత నడుస్తుంది?” అని అడుగుతామే గానీ, ఎంతకు అమ్ముదామని ఎవరమూ అనుకోము. ధర ముందు నడుస్తుంది, మేము గొర్రెల మాదిరి దాని వెనక నడుస్తాము. తగ్గించి అమ్మితే వరస వరసంతా లేచి మీద పడుతుంది. కానీ కొసరుకు మాత్రం ఎవరి చేయి వారిది. సోలెడు కొలిచి సంచిలో పోసిన తర్వాత, ఇంకొంచెం తీసి పైన వేస్తాము చూడండి, దానికి ధర లేదు, కట్టుబాటు లేదు. కొనేవాళ్ళు ధరను నోటితో అడుగుతారు, కొసరును కంటితో చూస్తారు. చూసి ఏమీ అనరు. వచ్చే వారం ఎవరి గోనె ముందు ఆగాలో అప్పుడే నిర్ణయించుకుని పోతారు.

నేను అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టింది తెలంగాణ వచ్చిన మరుసటేడు, మా కుంటి మేక ఒకే ఈతలో మూడు పిల్లలను వేసిన ఏడు. నాకు ఏండ్లన్నీ మేకలతోనే గుర్తు. ఆ ఏడు చేనులో పల్లీ బాగా పండింది. ఇంటి ముందుకొచ్చిన బేరగాడు కాయ చేతిలో ఆడించి, మూతి విరిచి, తక్కువకు అడిగాడు. నాకు రోషమొచ్చింది. వేయించి నేనే అమ్ముకుంటానన్నాను. మా ఇంటాయన గొర్ల మంద దగ్గర నుంచి వచ్చి, కర్ర గోడకు ఆనించి, “నువ్వు కూసుంటివంటె అంగడి అంగడే లేచిపోతది” అన్నాడు. నా నోటికి ఆయన ఇచ్చిన మర్యాద అది. అయినా పోయాను. పోతే కూర్చోవడానికి జాగ లేదు. ఉల్లిగడ్డల ఆమె తన జాగ అన్నది, చింతపండు ఆమె తన చుట్టాలది అన్నది. గోనె నెత్తి మీద పెట్టుకుని నేను దిక్కులు చూస్తుంటే, వేయించిన పల్లీలు ముందర పోసుకుని కూర్చున్న ఒక సన్నటి మనిషి కింద పరుచుకున్న తన పట్టా సగానికి మడిచి, “గిటు రా వదినె, గీడ దించు” అన్నది.

నా గోనెలో ఏమున్నదో ఆమెకు తెలియదేమో అనుకున్నాను. మూతి విప్పి చూపించాను. పల్లీలే. ఆమె నవ్వి, “ఇంకా మంచిది. నేనొక్కదాన్ని కూసుంటె పల్లీలమ్మేటామె అంటరు. ఇద్దరం కూసుంటె పల్లీల జాగ అంటరు. జాగ అంటె వెతుక్కుంట వస్తరు” అన్నది. ఆ మాట ఎంత నిజమో రెండు మూడు వారాల్లోనే తెలిసింది. ఆమె మాకు చుట్టం కాదు, మా కులం కాదు, మా ఊరూ కాదు. ఆ పూట వదినె అన్నది, నేనూ వదినె అన్నాను, అట్లాగే నిలిచిపోయింది.

వాళ్ళది మగ్గం నేసే ఇల్లు. భర్తకు మోకాళ్ళు పట్టేసి మగ్గం గుంటలోకి దిగలేకపోయాడు. మగ్గం ఆగితే ఈమె మూడు ఊళ్ళ అంగళ్ళు తిరిగి పల్లీలమ్మి ఇంటిని లాగేది. మూడింటిలో మా అంగడే పెద్దది. అది బాగా జరిగితే ఆ వారం ఆలుమగలిద్దరికీ కడుపు నిండినట్టు. ఈ సంగతి ఆమె ఏడ్చుకుంటూ చెప్పలేదు, టీ ఊదుకుంటూ చెప్పింది. పోగులు పట్టి పట్టి ఆమె వేళ్ళు దారాల్లాగే సన్నగా ఉండేవి. నావి గొర్రెల ఉన్ని కత్తిరించిన చేతులు, చీపురు పట్టినా గొడ్డలి పట్టినట్టు ఉంటుంది. పల్లీలు వేయించడం నాకు ఆమే నేర్పింది. నేనేమో పొయ్యి మండించి పెనంలో పోసి కలియబెట్టడమే అనుకున్నాను. ఆమె ఏటి ఇసుక జల్లించి, మట్టి మంగలంలో కాచి, ఉప్పునీళ్ళు చిలకరించిన గింజలు అందులో పోసి, కళ్ళు మూసుకుని చెవి అటు పెట్టేది. “చిటపట అన్నంతసేపు ఊకో. గా చప్పుడు సన్నగైతది సూడు, అప్పుడు దించు. రంగు సూసి దించితె మాడుతది” అనేది. ఆమె వేయించిన పల్లీ కొరికితే కరకరమని విరిగి, నమిలితే వెన్నలాగ కరిగేది. నేను ఎంత చెవి పెట్టినా నా పల్లీకి ఆ రుచి రాలేదు. మేకల అరుపులు విని విని నా చెవి మొద్దుబారిందని ఎగతాళి చేసేది.

రెండేండ్లు మంచిగా గడిచాయి. ఆమె జొన్నరొట్టె తెస్తే నేను పచ్చడి తెచ్చేదాన్ని. తైబజారు పన్ను వసూలుకు వచ్చే పిల్లగాడిని ఇద్దరం కలిసి ఏడిపించేవాళ్ళం. కానీ సాయంత్రం అయ్యేసరికి ఆమె గోనె ఖాళీ అయ్యేది, నా గోనెలో అడుగున మిగిలేది. మిగిలింది నెత్తిన పెట్టుకుని ఇంటికి వస్తే మా ఇంటాయన, “ఏమాయె, అంగడి లేచిపోలేదా?” అనేవాడు. ఆ మాట నాకు తగిలేది. ఆయన మీది కోపం వదినె ఖాళీ గోనె మీదికి ఎట్లా మళ్ళిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒక వారం కూర్చుని ఆలోచించాను. ఆమె పల్లీలు కొనుక్కొస్తుంది, కట్టెలు కొంటుంది. నాకు పల్లీలు ఇంటివే, కట్టెలు చేను గట్టువే. అంటే నాకు ఖర్చే లేదు. ఖర్చు లేనిది ఎంత పోస్తే ఏం పోయింది? అట్లా నా కొసరు పెరిగింది. గుప్పెడు నిండా తీసి, వేళ్ళ సందుల్లో ఇంకో నాలుగు ఇరికించి వేసేదాన్ని.

కొనేవాళ్ళు గోనెలు మారారు. వదినె కూడా గుప్పెడు పెంచింది. నేను ఇంకా పెంచాను. కొన్ని వారాలు మా ఇద్దరి కొసర్లు చూడటానికే జనం ఆగినట్టు ఉండేది. ఒక ముసలాయన సోలెడు కొనకుండానే, “ముందు కొసరు వేసి చూపియ్యుండ్రి, తర్వాత సోల సంగతి మాట్లాడుదాం” అన్నాడు. చివరికి ఆమె నవ్వుతూనే నా చేయి పట్టుకుని పక్కన తన చేయి పెట్టింది. “సూడు వదినె, నాది గుప్పెడు. నీది గుప్పెడు కాదు, తట్ట. గిట్లైతె కొనేటోళ్ళే బతుకుతరు, మనమిద్దరం మునుగుతం. ఇద్దరికీ ఒకటే కొలత పెట్టుకుందాం” అన్నది. ఆ రోజే గిన్నెల అంగట్లో ఒకే అచ్చు సత్తు పసుపు డబ్బాలు రెండు కొన్నది. డబ్బాలు ఇంటికి, మూతలు కొసరుకు. ఒక మూత నాకిచ్చింది. మూతెడు పోసి వేలితో సాపు చేయాలి, ఇద్దరమూ అంతే వేయాలి. ఒట్టు వేయమని ఆమె అడగలేదు. పసుపు డబ్బా మూత కదా అని నేనే కళ్ళకద్దుకుని, “నీ తోడు వదినె, ఒక్క గింజ ఎక్కువ పొయ్య” అన్నాను. ఎవరూ అడగకుండా వేసిన ఒట్టు అది. అందుకే ఎక్కువ కాలుతుంది.

మూతలు వచ్చాక నా గోనె మళ్ళీ మిగలడం మొదలైంది. ఆమె పల్లీ మంచిది, కొలత ఒక్కటే అయితే జనం మంచి దాని దగ్గరికే పోతారు కదా. నాలుగో వారం ఇంటికొచ్చి, మా ఆయన నోరు తెరవకముందే దొడ్లోకి పోయాను. మూతను మెత్తటి మన్ను మీద బోర్లించకుండా వెల్లకిలా పెట్టి, నూరే పొత్రంతో లోపలి నుంచి నాలుగు దెబ్బలు వేశాను. అడుగు కిందికి ఉబ్బింది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఉబ్బు నా అరచేతిలో దాక్కుంటుంది. గింజలు పోసి లెక్కపెట్టాను. ముందు ఇరవై మూడు పట్టేది, ఇప్పుడు ముప్పై పట్టింది. ఏడు గింజలు. కుంటి మేక ఒక్కటే నెమరేస్తూ నా దిక్కు చూసింది. దానికి రెండు గింజలు వేశాను, లంచమన్నట్టు.

ఏడు గింజలకు ఏమవుతుందని మీరనవచ్చు. అంగట్లో కొనేవాళ్ళ అరచేతులకు ఏడు గింజల బరువు తెలుస్తుంది. గామె తాన కొసరు జర ఎక్కువొస్తదని ఒకరు అన్నారు, పది మంది విన్నారు. వదినె ముందు ఆగే కాళ్ళు ఒక్కొక్కటే జరిగి నా ముందుకొచ్చాయి. సాయంత్రం నా గోనె ఖాళీ అయ్యేది. మా ఇంటాయన నోరు మూతపడింది. కోడలితో, “సూసినవా, మీ అత్త యవ్వారం” అన్నాడు కూడా. నేను లోపల పొంగిపోయాను. వదినె దిక్కు చూడకుండా పొంగడం నేర్చుకున్నాను.

ఇక చెప్పడానికి నోరు రాని సంగతి ఇది. ఒక రోజు ఎండ తిరిగాక, కొనేవాళ్ళు పలచబడ్డాక, వదినె తన గోనెలోంచి పల్లీలు కొన్ని తీసి నా చేతిలో పోసింది. మొహం చిన్నబోయి ఉంది. “వదినె, జర తిని చెప్పు. నా ఏంచుడు చెడిందా ఏంది? చేదుగున్నయా? ఇంట్ల ఆయన మంచిగున్నయే అంటడు, ఆయనకు నేను మన్ను పెట్టినా మంచిగనే ఉంటది. నువ్వైతె నిజం చెప్తవు” అన్నది. నేను నోట్లో వేసుకున్నాను. కరకరమని విరిగాయి, వెన్నలాగ కరిగాయి. అంత రుచి పల్లీ నేను నా జన్మలో వేయించలేదు. ఆమె నా మూతి దిక్కే చూస్తున్నది, చదువు చెప్పే పంతులు ముందు పిల్ల నిలబడ్డట్టు. ఆ క్షణం మంచిగున్నయి అంటే సరిపోయేది. మూత సంగతి చెప్పనవసరం లేదు, ఒక్క మాట చాలు. కానీ మంచిగున్నయి అంటే, మరి జనం ఎందుకు పోతున్నారని ఆమె నా దిక్కు చూస్తుంది, నా దిక్కు చూస్తే నా చేతి దిక్కు చూస్తుంది. నేను మెల్లగా నమిలి, మింగి, “జర మాడినట్టున్నయి వదినె” అన్నాను. ఆమె తల ఊపింది. “అనుకున్న. చెవి పోతున్నట్టుంది నాకు” అన్నది.

తర్వాతి వారం ఆమె చప్పుడు సన్నగా కాకముందే దించేసింది. పల్లీ పచ్చిపచ్చిగా ఉంది. ఒక ఆమె కొరికి తుపుక్కున ఊసింది. ఆ మరుసటి వారం ఎక్కువసేపు ఉంచింది, అవి నిజంగానే మాడాయి. ఇన్నేండ్ల చేయి, నా ఒక్క మాటకు తడబడిపోయింది. ఉన్న నలుగురూ పోయారు. ఆమె ఎవరినీ తిట్టలేదు. మాడినవి ఏరి పక్కన పెట్టేది, అంతే. దసరా ముందటి అంగడి నాడు పట్టా మడుస్తూ, “ఆలంపూర్ల మా చెల్లె తానికి పోతున్నం. గీడ ఇగ నడుస్తలేదు” అన్నది. నేను “అయ్యో” అన్నాను. అనాల్సినంత గట్టిగా అన్నాను. ఆమె తన మూత తీసి నా చేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది. “గిది సాపుగున్నది. ఉంచుకో” అన్నది. ఆటో ఎక్కింది. సాపుగున్నది అన్న మాట నా చెవికి దిగేసరికి ఆటో మలుపు తిరిగింది. ఆమెకు తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు గానీ, తెలుసు.

ఆమె పోయాక పల్లీలమ్మేది నేనొక్కదాన్నే. రెండు వారాలు రాణిలాగ కూర్చున్నాను. పోటీకి ఎవరూ లేనప్పుడు కొసరు ఎందుకని మూతెడు కాస్తా సగం మూత అయ్యింది, తర్వాత నాలుగు గింజలయ్యాయి. ముందు కొసరు చూపియ్యమన్న ఆ ముసలాయన నాలుగు గింజలు అరచేతిలో దొర్లించి, “గా సన్నామె ఉన్ననాడు నువ్వు మంచిదానివి” అని పోయాడు. ఆ తర్వాత వదినె చెప్పిన సంగతే జరిగింది. ఒక్కదాన్ని కూర్చుంటే అది పల్లీల జాగ కాలేదు. వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తగ్గారు. ఆమె కూర్చున్న సగం పట్టా జాగలో ప్లాస్టిక్ చెప్పుల వాడు దిగాడు.

ఇక ఖర్చు లేదనుకున్న నా తెలివి యాసంగి విత్తనాల నాటికి బయటపడింది. మా ఇంటాయన అరక కట్టి, “విత్తనం తియ్యి” అన్నాడు. అటక మీద ఉండాల్సిన విత్తనపు కాయ లేదు. కొసర్ల ఊపులో దాన్ని కూడా వలిచి వేయించేశాను. ఆయన అటక దిక్కు చూశాడు, నా దిక్కు చూశాడు. “ఊరోళ్ళ పిల్లలకు పంచితివి గదా, ఇగ వాళ్ళనే మొలకెత్తమను” అన్నాడు. విత్తనాల అంగడికి పోతే, మేము అమ్మిన ధరకు రెండింతలు. అప్పుడు కుంటి మేక పిల్లల్లో బలిసిన దాన్ని అమ్మాల్సి వచ్చింది. మా మనుమరాలు చదివే పుస్తకంలో ఇది ఉందట. ఇంట్లోది వాడుకున్నా, అమ్మితేనో దాచితేనో వచ్చేది పోయింది కాబట్టి అదీ ఖర్చేనట. అది చెప్తుంటే, ఇంత చిన్న సంగతి కోసం నల్గొండ దాకా పోవాలా, మీ తాతను అడిగితే చాలు కదా అనుకున్నాను.

కానీ వదినె ఖర్చు ఆ పుస్తకంలో ఎక్కడ రాసి ఉంటుందో నేను అడగలేదు.

కరోనా తగ్గిన తర్వాత కొడుకూ కోడలూ మొక్కు ఉందని ఆలంపూరు పోతూ నన్నూ తీసుకుపోయారు. పోయే ముందు రెండు మూతలూ కొంగున కట్టుకున్నాను. ఎందుకంటే ఏమో. ఆమె కనపడుతుందనీ కాదు, కనపడదనీ కాదు. దర్శనమై బయటికి వస్తుంటే, గోడ నీడన తోపుడు బండి మీద మట్టి మంగలం, ఇసుక వాసన. ఆమే. జుట్టు తెల్లబడింది. బండికి ఫోనుతో పైసలు వేసే గీతల అట్ట వేలాడుతున్నది. సోల లేదు, అంతా కాగితం పొట్లాలే. నేను వెనక్కి తిరిగి పోయేదాన్నే. కానీ అప్పటికే ఆమె, “ఏం వదినె, కుంటి మేక బతికున్నదా?” అన్నది.

కొడుకూ కోడలూ ప్రసాదం వరసలో ఉన్నారు. నేను బండి పక్కన ఇటుక మీద కూర్చున్నాను. ఆయన మోకాళ్ళ సంగతి, వాళ్ళ చెల్లె పిల్లల సంగతి ఆమె చెప్పింది. మేక చచ్చిపోయిందని నేను చెప్పాను. నేను కొంగు ముడి విప్పబోతూ, “వదినె, గా మూత…” అన్నాను. ఆమె మంగలం కదుపుతూనే, “మూత సంగతి నువ్వు కొట్టిన వారమే ఎరుక. నువ్వు నీళ్ళకు పోయినప్పుడు చేతిల పట్టి సూసిన. నవ్వొచ్చింది. ఏడు గింజలకు గింతమంది పోతరా, లోపం నా ఏంచుడులనే ఉంటదనుకున్న. అందుకే నిన్నడిగితి” అన్నది.

ఇసుకలో చప్పుడు చిటపటమంటున్నది. ఇద్దరమూ అదే వింటున్నాము. చప్పుడు సన్నబడింది. ఆమె దించి, జల్లెడ పట్టి, వేడి వేడి గింజలు కొన్ని నా అరచేతిలో పోసింది. “మూత బేరంల చెల్తది వదినె. నేనైనా కడుపు కాలితె రేపో మాపో కొడుతుంటినేమో. నిన్ను పల్లీలు ఎట్లున్నయని అడిగింది బేరం గాదు గదా” అన్నది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేది, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. “ఈడికొచ్చినంక ఆర్నెల్లు మంగలం ముట్టలే. మా చెల్లె మొగడు ఒకనాడు జబర్దస్తి ఏంపిచ్చిండు. తిని ఇంకిన్ని అడిగిండు. గా దినం ఎరుకైంది, నా చెవి పోలేదని.” అని, “తిను. సల్లారుతయి” అన్నది.

తిన్నాను. కరకరమని విరిగాయి. “ఎట్లున్నయి?” అని ఆమె అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను నోట్లో మాట పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాను. ఆమె ఇంకొకరికి పొట్లం కట్టడంలో పడిపోయింది. రెండు పొట్లాలు కొన్నాను. పొట్లానికి కొసరు ఉండదు కదా, అయినా ఆమె సన్నటి గుప్పెడు తీసి పైన వేసింది. కొడుకు పిలిచాడు. మూతలు కొంగులోనే ఇంటికి తిరిగొచ్చాయి.

మొన్న ఈ కథంతా మా మనుమరాలికి మొదటిసారి చెప్పాను. అది పుస్తకం మూసి నా పక్కన కూర్చున్నది. అటక మీది డబ్బాలోంచి రెండు మూతలూ దించి, ఒకదాంట్లో పల్లీలు పోసి, ఇంకోదాంట్లో పోసి, లెక్కపెట్టింది. “ఏడే అవ్వా” అన్నది, నేను అబద్ధం చెప్పానేమో అన్నట్టు. “ఇప్పుడైనా ఫోన్ చేసి చెప్పరాదా, మంచిగుండె అని?” అన్నది. నంబరు నా దగ్గర లేదన్నాను. బండికి వేలాడే అట్ట మీద పెద్ద పెద్ద అంకెల్లో రాసి ఉంది, నేను చదవగలిగినవే. ఆ రోజు చదవలేదు.

ఆ ఏడు గింజలు ఏ ఊరి ఏ పిల్లాడి నోట్లోనో ఆ సాయంత్రమే అరిగిపోయాయి. నేనన్న మాట మాత్రం ఇన్నేండ్లు నమిలినా అరగలేదు. ఇప్పటికీ పల్లీ కొరికితే ముందు రుచి తగులుతుంది, ఆ వెనకనే మాడు వాసన వస్తుంది.